రంగములో మనవారి ఎండవానలు

'రంగము' అను మాట నేడు మన యిండ్లలో వృద్ధుల నోటనే వినబడుచున్నది. గంజాము మొదలు గోదావరి సాగరసంగమము వరకు గల తీరమున ఒకప్పుడు ఈ మాట తెలియని పల్లె లేదు. రంగమనగా బర్మా దేశమందలి రంగూను నగరము. 1989లో అచటి ప్రభుత్వము దానికి యాంగోన్ అను పేరును స్థిరపరచినది. "వాడు రంగము వెళ్లినాడు" అన్న మాటకు మన తీరమున రెండర్థము లుండెడివి. నాలుగు డబ్బులు గడించి రెండు మూడేండ్లకు తిరిగి వచ్చునని ఒకటి. ఇక రాకపోవచ్చునని రెండవది. ఈ రెండింటిలో ఏది నిజమగునో ఓడ యెక్కునాడు చెప్పగలవారు లేరు.

రంగూను తెలుగువారి చరిత్రను వ్రాసినవారు కూలి రేట్లను, మేస్త్రీల పద్ధతిని, అల్లర్లను, యుద్ధమును గూర్చి వ్రాసిరి. అవి ముఖ్యమైన విషయములే. కాని పరదేశమున ఒక మనుష్యుడు దినదినము ఎదుర్కొనునవి వానయు, ఎండయు, బురదయు, గదిలోని ఉక్కయు, ఏటి పోటును, నిప్పును. ఈ చిన్న భయముల చరిత్రను మేము ఇచట కొంత చెప్పదలచితిమి. మాతృసీమకు వెలుపల తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఇది పరాయి కథ కాదు. బరంపురమున గాని యానామున గాని పాత యిండ్లలో ఒక రంగూను టేకు పెట్టెయో, తాత పేరు వ్రాసిన రేకు పెట్టెయో నేటికిని కానవచ్చును.

ఎండవానలు అందరికిని సమానమని లోకోక్తి. రంగూనులో మనవారి బ్రతుకును పరిశీలించినచో ఆ మాటలో సగమే సత్యమని తోచుచున్నది. వాన అందరిపైనను కురియును. కాని యెవని నెత్తిపై ఎట్టి కప్పు కలదో, ఎవని ప్రక్క ఎట్టి పొరుగు కలదో, దానిని బట్టి ఆ వాన బరువు మారును.

కడలి దాటుట

రంగూనులో తెలుగువారిని 'కొరంగీలు' అని పిలిచెడివారు. యానామునకు చేరువనే, గోదావరి పాయ సముద్రమును కలియు చోట గల కోరంగి రేవు పేరే ఈ పిలుపునకు మూలము. తెరచాప ఓడల కాలమున అచటినుండి బర్మా తీరమునకు రాకపోకలు సాగెడివి. కోరంగివారికి గాలివాన క్రొత్త కాదు. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఆ ప్రాంతమును ముంచెను. 1839 నవంబరు 25వ తేదీన మరల వచ్చిన ఉప్పెన పిమ్మట ఆ రేవు తన పూర్వప్రాభవమును తిరిగి పొందలేదు. ఊరు చిక్కిపోయినది, దాని పేరు మాత్రము సముద్రము దాటి, పరదేశమున మనవారందరికిని పేరై నిలిచినది.

పొగయోడలు వచ్చిన తరువాత కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపూరు రేవులనుండి కూలివాండ్రు రంగూనునకు తరలిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు బరంపురము, గోపాలపూరు మద్రాసు రాజధానిలోనివే గనుక ఈ తీరమంతయు ఆనాడు ఒక్కటిగనే యుండెను. వీనిలో అనేకములు పేరునకే రేవులు. ఓడ దూరమున లోతునీటిలో నిలిచెడిది. మేకులు లేకుండ కొబ్బరినారతో పలకలను కుట్టిన మసూలా పడవలలో జనులు కెరటములను దాటి ఓడను చేరవలసియుండెను. ఇల్లు విడిచినవానికి తొలి గండము రంగములో కాదు, తన యూరి ఒడ్డుననే యెదురయ్యెడిది.

ప్రయాణకాలమును నిర్ణయించినది పంచాంగము కాదు, ధాన్యము. బర్మాలో వరి కోతలు ముగిసి, మిల్లులు పూర్తిగా ఆడునది జనవరి మొదలు వేసవి వరకు. కావున మనవారు దసరా మొదలుకొని పుష్యమాసములోపల పోయి, వీలైనవారు చైత్ర వైశాఖములలో తిరిగి వచ్చెడివారు. బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలములును సరిగా అవియే: వర్షములకు ముందు ఏప్రిల్, మే నెలలు, వర్షములు వెనుకకు మరలిన పిదప అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. పోవుటయు, వచ్చుటయు రెండును గాలివాన ఋతువులలోనే పడినవి. వానకాలమున సముద్రము అల్లకల్లోలముగా నుండును. తక్కిన కాలమున కూలి విడిచి వచ్చుటకు వీలులేదు. బీదవాడు తనకు అనుకూలమైన ముహూర్తమును ఎన్నుకొనలేకపోయెను.

రంగూనునకు పోయినవారిలో అత్యధికులు పురుషులు. ఇంట మిగిలిన స్త్రీలకు కార్తీకమాసపు మబ్బు వేరొక భాష మాటలాడెడిది. తూర్పు దిక్కు నల్లబడినచో పొరుగువారు కళ్లములో ధాన్యమును గూర్చి యాలోచించుచుండగా, ఆ యింటి యిల్లాలు నడిసముద్రమున నున్న ఓడను గూర్చి యాలోచించెడిది. మనియార్డరు వచ్చిననాడు గాని ఆమెకు ఆ తుపాను వెలిసినట్లు కాదు.

మూడు నాలుగు దినముల ఈ ప్రయాణము పైతట్టుపై, ఎండకు వానకు ఓర్చుకొనుచు సాగెడిది. మహాత్మా గాంధి 1915లో కలకత్తానుండి రంగూనునకు పైతట్టు ప్రయాణికుడుగా పోయి, అచటి స్నానపుగదులు, మరుగుదొడ్ల దుర్గంధమును గూర్చి తన ఆత్మకథలో బాధతో వ్రాసికొనెను. ఆయనకు అది యొక ప్రయాణానుభవము. మన కూలివాండ్రకు అది రెండు మూడేండ్ల కొకమారు తప్పని నడక.

వాన

రంగూను పాత యూరే గాని నేటి నగరరూపము 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించిన పిమ్మట ఏర్పడినది. ఏటి యొడ్డున, పల్లపు నేలపై, చదరంగపు పలకవలె వీధులను గీసి పట్టణమును కట్టిరి. పల్లములను మట్టితో పూడ్చి మెరక చేయుటకు అనేక సంవత్సరములు పట్టెను. ఇట్టి నేలపై కురియు వాన యెంత? సాలుకు సుమారు 100 అంగుళములు. మే నెల నడుమ మొదలై అక్టోబరు వరకు అది ఎడతెగక కురియును. జూలై, ఆగస్టు మాసములలో ఒక్కొక్క నెలలో 20 అంగుళములకు పైగా పడును. విశాఖపట్టణమున ఏడాది పొడుగున కురియు వాన రంగూనులో దాదాపు రెండు నెలలలో కురియునన్నమాట. మన తీరపువానికి వాన అనగా వచ్చి, కురిసి, వెలియునది. రంగములో వాన వచ్చి కాపురముండును.

స్థానికులైన బర్మావారు ఈ వానతో ఏనాడో సంధి చేసికొనిరి. వారి యిండ్లు గుంజలపై నిలిచి, నేలను వదలి యెత్తున నుండును. వెదురు తడికెల గోడలు, దని యాకు కప్పు. నీరు క్రిందుగా పారిపోవును. గాలి లోపలికి ఆడును. కప్పు పాడైనచో మరల నేసికొందురు. వారి బౌద్ధ భిక్షువులు వర్షర్తువున మూడు నెలలు ఒక్కచోటనే వసింతురు. గృహస్థులు ఆ మూడు నెలలు పెండ్లిండ్లు చేయరు. మన చాతుర్మాస్య వ్రతమును, ఆషాఢమున శుభకార్యములు మానుటను ఎరిగినవానికి ఈ యాచారము వెంటనే అర్థమగును. దూరదేశమైనను ఋతువును మన్నించు రీతి యొక్కటే. కాని అచటికి పోయిన మనవారికి ఋతువును మన్నించుటకు తీరిక యెక్కడిది?

రేవు కూలీలు, బియ్యపు మిల్లు కూలీలు, 'లాంచా' అను మనిషి లాగు రిక్షాలవారు, నగరపారిశుద్ధ్యపు పనివారు: ఈ పనులలో తెలుగువారి సంఖ్య యెంతయో హెచ్చు. ఇవన్నియు ఆకాశము క్రింద చేయు పనులు. తడిసిన బియ్యము చెడిపోవును గనుక వాన జోరెత్తినప్పుడు బస్తాల ఎగుమతి నిలిచిపోవును. పని నిలిచినచో దినకూలి నిలుచును. లాంచా లాగువాని సంగతి దీనికి విరుద్ధము. వాన వచ్చినప్పుడే వానికి బేరము. బండిలో కూర్చున్నవానికి కప్పు కలదు, లాగువానికి లేదు. చీలమండ లోతు నీటిలో పరుగెత్తి, నానిన కాలివేళ్ల నడుమ పుండ్లు పడి, రాత్రి గదికి చేరిన పిమ్మట ఆరని బట్టలనే మరల కట్టుకొనవలెను. మన పల్లెలో రైతు తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకొని పొలములో నాట్లు వేయునప్పుడును తడియును. కాని సాయంకాలము అతని కొరకు పొయ్యి వెలుగుచుండును. తేడా వానలో లేదు, పొయ్యిలో కలదు.

ఎండ సంగతియు చెప్పవలెను. ఏప్రిల్‌లో రంగూను ఎండ మన రోహిణికార్తెను తలపించును. గాలిలో తేమ వలన చెమట ఆరదు. ఆ నెల నడుమనే బర్మావారి నూతన సంవత్సరపు పండుగ వచ్చును. వీధిలో పోవువారిపై నీళ్లు చల్లి వేడుక చేసికొందురు. పాత సంవత్సరపు మాలిన్యమును కడిగివేయుట దాని భావము. మన యుగాదికి దగ్గరగా వచ్చు పండుగయే అది. ఆ సంగతి ఎరిగినవానికి ఆ నీరు చల్లదనము, ఆదరము. ఎరుగని క్రొత్తవానికి అదియే అవమానముగా తోచవచ్చును. పరదేశమున ఒక్క కడవెడు నీళ్లకు ఇన్ని యర్థములు ఉండును. వానిని నేర్పువారు పుస్తకములు కాదు, పొరుగువారు.

గది

మనవారి ప్రాణములను వాన కంటె ఎక్కువగా హరించినది వాన పడునప్పుడు వారు తలదాచుకొన్న గది. రంగూను నడిబొడ్డున కూలివాండ్ర బసలు ఇటుక మేడలు. ముందు నొక ద్వారము, వెనుక నొక ద్వారము; నడుమ పొడవైన చీకటి. మనిషికి ఇంత చోటు ఉండవలెనని పురపాలక నిబంధన లుండెను. కాని ఆ నిబంధనలు ఒప్పుకొన్న సంఖ్యకు అనేక రెట్లు జనులు ఒక్క గదిలో పండుకొనుచుండిరి. భారతదేశపు కార్మిక స్థితిగతులపై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషను రంగూను బసల యిరుకును ప్రత్యేకముగా గుర్తించెను. రంగూనులోని భారతీయ కార్మికులపై ఇ. జె. ఎల్. ఆండ్రూ అను అధికారి 1933లో ప్రకటించిన గ్రంథమును ఈ స్థితిని విపులముగా వర్ణించెను.

పొడి ఋతువున అనేకులు వీధి అరుగులపైనను, బాటలపైనను పండుకొనెడివారు. వాన పట్టగానే వారందరును లోపలికి రావలసినదే. అనగా గాలి మిక్కిలి అవసరమైన కాలముననే గది మిక్కిలి నిండెడిది. తడిబట్టలు, వంటపొగ, దగ్గు, నిద్ర అన్నియు ఒక్క కప్పు క్రిందనే. క్షయవ్యాధి వ్యాపించుటకు ఇంతకంటె అనువైన చోటు లేదు. 1905లో మహామారి, అనగా ప్లేగు, రంగూనును చేరి పెక్కేండ్లు విడువలేదు. బియ్యపు గిడ్డంగులున్న చోట ఎలుకలుండును. ఎలుకలున్న చోట ఆ వ్యాధికి నెలవు.

ఇచట మనము ఒక కఠిన సత్యమును దాచరాదు. ఆ గదిని అంతగా నింపినవారిలో మనవారును కలరు. ఊరిలో బయానా ఇచ్చి కూలీలను కూర్చి ఓడ యెక్కించిన మేస్త్రీ తెలుగువాడే. పని చూపినవాడు, కూలిలో తన పాలు పట్టుకొన్నవాడు, అప్పు పద్దు వ్రాసినవాడు, పలుచోట్ల బస చూపి దాని అద్దె రాబట్టినవాడును అతడే. జబ్బు పడిన కూలికి గంజి కాచిపోసిన మేస్త్రీలును ఉండియుందురు. కాని పద్ధతి యెట్టిదనగా, మేస్త్రీ మంచివాడైనచో కూలి బ్రతుకును, కానిచో లేదు. మన వైభవమును మాత్రమే చెప్పుకొనుట సభలకు తగును, చరిత్రకు తగదు.

ఏరును నిప్పును

రంగూను సముద్రమునుండి సుమారు 20 మైళ్ల లోపల, ఏటి యొడ్డున నున్నది. సముద్రపు పోటు ఆ యేటిలో నగరమును దాటి పైకి ఎక్కును. పోటు పాటుల వేగమున నీరు ఎదురుబొదురుగా పరుగెత్తుచుండ, ఆవలి యొడ్డున గల డల్లా మొదలగు పల్లెలకు చిన్న సంపాన్ పడవలలో పోవుట దినచర్య. గోదావరి లంకలలో పుట్టి పెరిగినవాడు తనకు ఏరు తెలియుననుకొనును. కాని వరద యేరు వేరు, పోటు యేరు వేరు. మొదటిది నెలల తరబడి ఒక్క దిక్కుననే పారును. రెండవది ఆరు గంటల కొకమారు మనసు మార్చుకొనును.

వాన ముగిసిన పిమ్మట నిప్పు భయము వచ్చును. వెదురు తడికె, దని యాకు వానకాలమున మేలు చేయును గాని మాఘ ఫాల్గుణములలో అవియే ఎండి నిప్పుకు ఎర యగును. పజున్‌డౌంగ్ కాలువ యొడ్డున బియ్యపు మిల్లులు వరుసగా నుండెడివి. ఊకనే వంటచెరకుగా కాల్చి ఆ మిల్లుల ఆవిరియంత్రములను నడపెడివారు. ఊక దుమ్ములో పగలంతయు ఊపిరి పీల్చి పనిచేయువాడు రాత్రి ఆ ప్రక్కనే గుడిసెలో పండుకొనుచు, గాలి యే దిక్కునుండి వీచుచున్నదో చూచికొనవలసి యుండెను.

1930 మే నెల

ఇంతవరకు చెప్పిన గండములన్నింటికిని ఒక కాలము, ఒక రీతి కలవు. క్రొత్తగా వచ్చినవాడు ఒకటి రెండేండ్లలో వానిని నేర్చుకొనును. 1930 మే నెలలో వచ్చిన రెండు గండములకు కాలమును లేదు, రీతియు లేదు.

మే 5వ తేదీ రాత్రి ఎనిమిది గంటలు దాటిన తరువాత భూమి కంపించెను. పెగూ పట్టణము కూలిపోయెను. అచటి సుప్రసిద్ధమైన ష్వేమోడో పగోడా నేలమట్టమయ్యెను. దానిని మరల కట్టి ముగించుటకు 1954 వరకు పట్టినది. పెగూలో సుమారు 500 మంది, రంగూనులో సుమారు 50 మంది మరణించిరి. మన తీరపువారికి ఉప్పెన తెలియును, గాలివాన తెలియును. కాలి క్రింది నేలయే కదలుట తెలియదు. వానకు కప్పు క్రిందికి పరుగెత్తవలెను, భూకంపమునకు కప్పు క్రిందినుండి వెలుపలికి పరుగెత్తవలెను. దేశము మారినచో జాగ్రత్తలు కూడ తలక్రిందు లగును.

అదే నెలలో రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంచవలెనని సమ్మె చేసిరి. ఓడలలో సరకు ఎక్కించు కంట్రాక్టుదారులు వారికి బదులు బర్మా కూలీలను పెట్టుకొనిరి. కొన్ని దినములకు రాజీ కుదిరెను. మే 26వ తేదీ ఉదయమున తెలుగువారు మరల పనికి వచ్చిరి. అంతకు ముందుదినము వరకు పని చేసిన బర్మావారికి ఇక మీ పని లేదని చెప్పిరి. రేవులో మొదలైన ఘర్షణ ఊరంతయు వ్యాపించి కొన్ని దినములు సాగెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే నూరుమందికి పైగా మరణించిరి, గాయపడినవారు వందలకొలది. చనిపోయినవారిలో అత్యధికులు మన తెలుగు కూలీలు. అసలు సంఖ్య ఇంకను హెచ్చని ఆనాడే పలువురు నమ్మిరి.

ఇరువది యొక్క దినముల యెడములో జరిగిన ఈ రెండు సంఘటనలను మేము ప్రక్కప్రక్కన ఉంచి చూచుచున్నాము. రంగూనులో భూమి కంపించి చంపినవారి కంటె పొరుగు కంపించి చంపినవారు ఎక్కువ. దీనికి బర్మా కూలివానిని ఒక్కనినే నిందించుట న్యాయము కాదు. అది ఆర్థికమాంద్యము ఆరంభమైన సంవత్సరము. పల్లెలలో భూములు పోగొట్టుకొని అతడును ఆకలితోనే రేవునకు వచ్చెను. ఒక్క కూలిని ఇద్దరికి చూపి, ఒకని చేత మరియొకని బెదరించి పని తీసికొన్నవారు ఆ దినమున వీధిలో లేరు. అయినను మనము అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. 1931 జనాభా లెక్కలనాటికి సుమారు నాలుగు లక్షలున్న రంగూను జనములో సగమునకు పైగా భారతీయులే. అంత సంఖ్యలో నుండుట చేత, తెలుగుగాని హిందూస్తానీగాని మాటలాడి ఒక జీవితకాలమును అచట గడుపుట సాధ్యమయ్యెను. బర్మా భాష లేకయే దినము గడచెను. గడచినన్ని దినములు గడచెను. అవసరమైన దినమున, "అన్నా, మాకును కూలి చాలకనే సమ్మె చేసితిమి" అని యెదుటివానికి అతని భాషలో చెప్పగలవారు ఎందరుండిరి?

నిర్మలాకాశము

రంగూనులో సంవత్సరమంతటను సుఖమైన కాలము డిసెంబరు. వాన వెలిసి, ఉక్క తగ్గి, ఆకాశము స్వచ్ఛముగా నుండును. 1941 డిసెంబరు 23వ తేదీన ఆ నిర్మలాకాశమునుండియే జపాను విమానములు బాంబులు కురిసినవి. జనులు దాగుకొనక వీధులలోనికి వచ్చి పైకి చూచుచు నిలిచిరి. మరణములు అంతగా హెచ్చుటకు ఇది యొక కారణము. ఆకాశమునుండి వాన తప్ప వేరొక అపాయము రాగలదని ఆ తరము ఎరుగదు. 25వ తేదీన మరల దాడి జరిగెను. రేవులు, మిల్లులు పాడుపడెను. 1942 మార్చి 8వ తేదీన జపాను సేనలు నగరమున ప్రవేశించెను.

అప్పటికే జనము తరలుచుండెను. ఓడలలో చోటు దొరకినవారు అదృష్టవంతులు. తక్కినవారు కాలినడక పట్టిరి. కొందరు ప్రోము మీదుగా టౌంగూప్ కనుమ దాటి అక్యాబునకు, అచటినుండి చిట్టగాంగునకు చేరిరి. దారిలో కలరా వారిని వెంటాడెను. కొందరు ఉత్తరముగా పోయి తమూ మీదుగా మణిపురమునకు, మరికొందరు హుకాంగ్ లోయ మీదుగా అస్సాములోని లేడోకు నడచిరి. ఆ సంవత్సరమున బర్మానుండి తరలినవారు నాలుగైదు లక్షలు. దారిలో మడిసినవారు పదివేలని తక్కువ అంచనా. ఏబదివేలని ఎక్కువ అంచనా. మే నెల నడుమ వాన ఆరంభమైనప్పుడు హుకాంగ్ లోయ బురదమడుగై, వాగులు పొంగి, వెనుకబడినవారికి దారి మూసికొనిపోయెను. నగరములో కూలిని మాత్రమే ఆపిన వాన, అడవిలో ఊపిరిని ఆపినది.

బ్రతికి తీరము చేరినవారికిని వెంటనే విశ్రాంతి దొరకలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము పైనను, కాకినాడ పైనను జపాను విమానములు బాంబులు వేసెను. ఏ రేవులలో ఓడ యెక్కిరో ఆ రేవులకే ఆ భయము వెంట వచ్చినది.

తిరిగి వచ్చినవారు, అచట నిలిచినవారు

యుద్ధానంతరము కొందరు మరల పోయిరి. 1962 మార్చిలో సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో వ్యాపారములను జాతీయము చేసిన పిమ్మట లక్షలాది భారతీయులు ఓడలలో మద్రాసు, విశాఖపట్టణము మొదలగు రేవులకు తిరిగి వచ్చిరి. విశాఖలోని బర్మా క్యాంపు, ఇతర పట్టణములలోని బర్మా కాలనీలు ఆనాటి గుర్తులు. మూడు తరములు వానలో బ్రతికినవారికి మన ఎండ క్రొత్తగా నేర్చుకొనవలసిన పాఠమయ్యెను. ఒకనాడు అచట కొరంగీలుగా పిలువబడినవారు ఇచట 'బర్మావారు' అయిరి. పరదేశి యను పేరు కొందరిని రెండు ఒడ్డులందును విడువలేదు.

అందరును రాలేదు. మయన్మారులో నేటికిని తెలుగు కుటుంబములు కలవు. 2008 మే 2, 3 తేదీలలో నర్గిస్ తుపాను ఇరావతీ ముఖభూమిని, రంగూనును ముంచెత్తినప్పుడు మృతులు, గల్లంతైనవారు కలిసి సుమారు 1,38,000 మంది. 1930లో పెగూను కూల్చిన భూమిచీలికయే 2025 మార్చి 28వ తేదీన ఉత్తరమున కదలి మాండలే నగరమును కూల్చెను. దాని తీవ్రత 7.7. ఆ దేశపు ఆకాశము, భూమి మారలేదు. వాని క్రింద, వాని మీద బ్రతుకువారిలో మన భాష మాటలాడువారు నేటికిని ఉన్నారని మనము గుర్తుంచుకొనవలెను.

కడపటి మాట

ఈ కథ రంగూనునకు మాత్రమే చెందినది కాదు. ముంబయిలో కామాఠిపురము తెలంగాణమునుండి పోయిన కష్టజీవుల పేరనే వెలసినది. షోలాపురమున మన పద్మశాలీలు మగ్గములు నాటిరి. చెన్నపురి, బెంగళూరు, బరంపురము, యానాము, ఎచట చూచినను మన పూర్వులు మొదట నేర్చుకొన్నవి అచటి వానయు, అచటి నీరును. ఆ పిమ్మట నేర్చినది అచటి పొరుగువారి మాట. ఈ రెండవ పాఠమును బాగుగా నేర్చినచోట మనము నిలిచితిమి. కన్నడము, అరవము, ఒడియా, మరాఠీలను మన బిడ్డలు వీధిలో నేర్చుట వలన తెలుగు తరిగిపోవునని కొందరు పెద్దలు చింతింతురు. ఇంట తెలుగును నిలుపుకొనుట మన విధి. అందు సందేహము లేదు. కాని వీధిభాష రాకపోవుట వలన ఇంటి భాష బలపడదని రంగూను చరిత్ర చెప్పుచున్నది. ఆ రెండింటికిని చోటున్న యిల్లే వానకు నిలుచు నిల్లు.

చివరగా మా విన్నప మొకటి. రంగమునుండి వచ్చినవారి కడపటి తరము మన మధ్యనుండి వెడలిపోవుచున్నది. ఏ నెలలో ఓడ యెక్కిరి, ఏ వీధిలో బస, ఎందరు ఒక్క గదిలో నుండిరి, తొలివాన నాడు ఏమి చేసిరి, భూకంపము రాత్రి ఎచట నిలిచిరి, ఏ బర్మా పొరుగువాని పేరు వారి నోట వచ్చెడిది: ఇట్టి సంగతులు ఏ ప్రభుత్వ నివేదికలోను దొరకవు. మీ యింట పాత పెట్టె యున్నచో దానిని తెరచి చూడుడు. పెద్దలున్నచో అడిగి వ్రాసికొనుడు. పెద్ద సంఘటనలను వ్రాయుటకు చరిత్రకారులు కలరు. ఒక సాయంకాలపు వానను, ఆరని ధోవతిని, కారుచున్న కప్పును వ్రాయవలసినవారము మనమే.